పాత బొగ్గు ముక్కల్లో ముళ్ల చెట్ల వాటా పెరిగితే కరువు వచ్చినట్టేనా?

ఏడోపొర:
ఒక తవ్వకంలో ఏడు పొరల నుంచి ఫ్లోటేషన్ చేసి (మట్టిని నీళ్లలో కలిపి, తేలినవి ఏరి) తీసిన కలప బొగ్గును పరిశీలిస్తున్నాం. రేడియోకార్బన్ లెక్కన అడుగు పొర సుమారు 4,500 ఏళ్లది, పై పొర 3,000 ఏళ్లది. ఒక్కో పొరకు 100 ముక్కలు గుర్తించాం. కింది నాలుగు పొరల్లో తుమ్మ రకం 20 శాతం దగ్గర ఉంటే, పై మూడింటిలో 60 దాటింది. తేమ కోరే చెట్లు ఆ మేరకు తగ్గాయి.

దీన్ని వానలు తగ్గాయనడానికి ఆధారంగా రాయొచ్చా? 100 ముక్కలు సరిపోతాయా? డెల్టా 13సి (బొగ్గులో బరువైన కార్బన్-13 ఎంత ఉందో చెప్పే అంకె) కొలిపిస్తే తేలుతుందా, ముక్కలు ఎలా ఎంచుకోవాలి? నాలుగు కిలోమీటర్ల దూరంలో చిన్న సరస్సు ఉంది. దాని అడుగు మట్టిలో బొగ్గు లెక్కపెడితే ఈ ఫలితానికి బలం చేకూరుతుందా?

ఇంకొకటి. పై పొరల్లో గాజులా మెరుస్తూ, కణాలు కరిగి కలిసిపోయినట్టున్న ముక్కలు చాలా ఉన్నాయి. గుర్తుపట్టలేక లెక్కలోంచి తీసేశాం.

దారునాళం:
శాతాలు మాత్రమే చూసి కరువు అని రాయకండి. మీ బొగ్గు అడవి నుంచి నేరుగా రాలేదు, మనుషులు ఏరుకొచ్చి కాల్చిన పుల్లల నుంచి వచ్చింది. తుమ్మ పెరగడానికి కనీసం మూడు దారులున్నాయి: నిజంగానే వానలు తగ్గడం, చెట్లు కొట్టి పశువులు మేపడంతో ముళ్ల పొదలు అల్లుకోవడం, మంట అవసరం మారి గట్టి కట్టెలు కావాల్సి రావడం. మూడిట్లోనూ మీ గ్రాఫ్ ఒకేలా ఉంటుంది.

అందుకని ముందు ప్రతి ముక్క ఎక్కడ దొరికిందో విడదీయండి. పొయ్యిలోనో బట్టీలోనో దొరికిన బొగ్గు చివరి ఒకటి రెండు మంటలది. ఒకే కొమ్మ పగిలి 80 ముక్కలై ఉండొచ్చు. పొర మట్టిలో చెల్లాచెదురుగా దొరికింది మాత్రం ఏళ్ల తరబడి ఊడ్చి పోసిన బూడిద కలగలుపు. చుట్టుపక్కల చెట్ల గురించి ఏమైనా చెప్పగలిగేది ఈ రెండోదే. రెండిటినీ ఒకే గాటన కట్టి శాతం తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. ఒక్క పొయ్యి పై పొరల్లో ఎక్కువ పడినా 60 శాతం వచ్చేస్తుంది.

తర్వాత శాతంతో పాటు హాజరు కూడా చూడండి. అంటే ఒక పొరలో 12 మట్టి శాంపిళ్లు ఉంటే ఎన్నిటిలో తుమ్మ కనీసం ఒక్క ముక్కైనా ఉంది, ఎన్నిటిలో ఏటి ఒడ్డు చెట్లు ఉన్నాయి అన్నది. తుమ్మ ముక్కలు పెరిగినా హాజరు మారకపోతే, అది కట్టెల ఎంపికో ముక్కలు ఎక్కువగా పగలడమో కావచ్చు. తేమ చెట్లు అన్ని రకాల చోట్లా ఒకేసారి మాయమైతేనే వాతావరణం మాట ఎత్తడానికి దారి దొరుకుతుంది.

100 ముక్కలు చాలవు. గుర్తించిన ముక్కల సంఖ్య అడ్డంగా, అప్పటికి దొరికిన రకాల సంఖ్య నిలువుగా పెట్టి గీత గీయండి. గీత చదునయ్యే దాకా గుర్తిస్తూనే ఉండాలి. సమశీతోష్ణ ప్రాంతాల్లో పొరకు 250 నుంచి 400 దగ్గర చదునవుతుంది. రకాలు ఎక్కువగా ఉండే ఉష్ణమండలంలో ఇంకా ఎక్కువ కావాలి. పెద్ద ముక్కల్నే ఏరితే లెక్క వంకరపోతుంది, ఎందుకంటే పెళుసు కలపలు చిన్న ముక్కలుగానే మిగులుతాయి. 4 మి.మీ. జల్లెడ మీద నిలిచినవి, 2 నుంచి 4 మి.మీ. మధ్యవి వేర్వేరుగా లెక్కపెట్టండి. 2 మి.మీ. కంటే చిన్న వాటిలో దవ్వరేఖల (మాను నడిమి నుంచి బెరడు వైపు పోయే గీతల) వెడల్పు, వలయాల తీరు నమ్మకంగా కనిపించవు కాబట్టి వాటి జోలికి పోవద్దు.

గుర్తింపు విషయానికొస్తే, మూడు ముఖాలూ అప్పటికప్పుడు విరిచిన తాజా ముఖాలై ఉండాలి. అడ్డకోతకు వేళ్లతో విరిస్తే చాలు. దవ్వరేఖల వెంబడి ఒకటి, వాటికి అడ్డంగా ఒకటి, ఈ రెండు నిలువుకోతలకూ బ్లేడు అంచు ఆనించి మెల్లగా నొక్కాలి. కోయకూడదు, కోస్తే పొడి కణాల్లోకి దూరి ముఖం మసకబారుతుంది. ముక్కను సన్నని ఇసుక పోసిన చిన్న పళ్లెంలో నిలబెట్టి, పైనుంచి వెలుతురు పడే మైక్రోస్కోప్ కింద 50 నుంచి 500 రెట్ల మధ్య చూడండి. పచ్చి కలప పుస్తకాల్లో ఇచ్చే నీటి నాళాల వెడల్పులతో పోల్చొద్దు. బొగ్గయ్యేటప్పుడు కలప కుంచించుకుపోతుంది. కాల్చిన వేడిని బట్టి వలయం వెంబడి దిశలో నాలుగో వంతు దాకా పోవచ్చు, పొడవు వైపు చాలా తక్కువ. అందుకే పేరు తెలిసిన కలపను రేకులో చుట్టి, మూసలో ఇసుక కప్పి, 400 డిగ్రీల కొలిమిలో గంట ఉంచి సొంత నమూనాల పెట్టె తయారు చేసుకోవడం మేలు. కలప నిర్మాణాల ఇన్‌సైడ్‌వుడ్ డేటాబేస్ వెతుకులాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది. చివరి మాట మీ పెట్టెలోని నమూనాదే.

తుమ్మను జాతి దాకా లాగకండి. "తుమ్మ రకం" దగ్గర ఆగితేనే తర్వాత ఎవరైనా మీ పట్టికను వాడుకోగలరు.

గుర్తించేటప్పుడే ఇంకో రెండు విషయాలు రాసి పెట్టుకోండి. వలయాల వంపు ఒకటి: బాగా వంగి ఉంటే సన్న కొమ్మ, దాదాపు తిన్నగా ఉండి దవ్వరేఖలు సమాంతరంగా పోతుంటే లావు మాను. నాళాల్లో శిలీంధ్ర తంతువులు రెండోది: అవి ఉంటే ఎండి పుచ్చిన కట్టె ఏరుకొచ్చారనుకోవచ్చు. పై పొరల్లో సన్న కొమ్మలు ఒక్కసారిగా పెరిగాయంటే లావు చెట్లు అయిపోయి ఉండొచ్చు. అది కరువు కంటే గొడ్డలి పనికి దగ్గర.

మెరిసే ముక్కల్ని తీసేయడం సరికాదు. "గుర్తుపట్టలేనివి" అని వేరే వరస పెట్టి లెక్కలో ఉంచండి. కొన్ని కలపలు మిగతా వాటి కంటే ఎక్కువగా ఇలా అవుతాయి, తీసేస్తే వాటి వాటా కనబడకుండా పోతుంది. 800 డిగ్రీలు దాటిన మంటకు అది గుర్తు కాబట్టి, పై పొరల్లో బట్టీ పని పెరిగిందేమో కూడా చూడండి.

కార్బన్‌పదమూడు:
చివరి వాక్యం తప్ప మిగతాదంతా ఒప్పుకుంటాను. గాజుతనానికి ఎక్కువ వేడే కారణమన్న మాట చాలాకాలం నడిచింది కానీ, ప్రయోగశాలలో వేడి పెంచుకుంటూ పోతే అది పుట్టలేదు. 2010లో వచ్చిన ప్రతిఫలన (ముక్క ఎంత వెలుతురు తిప్పికొడుతుందన్న) కొలతల్లో గాజుతనం ఉన్న ముక్కలు తక్కువ వేడిలో కాలినవిగా కూడా తేలాయి. వేడి తెలియాలంటే ముక్కను రెసిన్‌లో పోసి, నున్నగా సానబట్టి, నూనె చుక్క కింద ప్రతిఫలనం కొలవాలి. వేడి పెరిగిన కొద్దీ ప్రతిఫలనం పెరుగుతుంది. కంటికి మెరిసిందని బట్టీ రాస్తే పప్పులో కాలేసినట్టే.

ఇక డెల్టా 13సి. నీళ్లు తగ్గితే ఆకు పత్రరంధ్రాలు మూసుకుంటుంది. లోపల చిక్కిన కార్బన్ డయాక్సైడ్‌తోనే సరిపెట్టుకోవాలి కాబట్టి, మామూలుగా వదిలేసే బరువైన 13సిని కూడా వాడేస్తుంది. అలా కట్టిన కలపలో డెల్టా విలువ (ఒక ప్రామాణికంతో పోలిస్తే వెయ్యికి ఎంత తేడా అన్నది) సున్నా వైపు జరుగుతుంది. మొక్కలు కార్బన్‌ను పట్టే పద్ధతుల్లో సి3, సి4 అని రెండు ప్రధానమైనవి. తుమ్మ, ఓక్, పైన్ అన్నీ సి3 మొక్కలే, వీటి సగటు మైనస్ 27 దగ్గర. సి4 గడ్డి బొగ్గు మైనస్ 12 దగ్గర ఉంటుంది, ఒక్క గడ్డి ముక్క కలిసినా సగటు పాడవుతుంది.

అంకెను అలాగే వాడకూడదు. ఆనాటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ విలువ తీసేసి వివక్ష (మొక్క బరువైన కార్బన్‌ను ఎంత వదిలేసిందన్నది) లెక్కగట్టాలి: గాలి విలువలోంచి మొక్క విలువ తీసి, దాన్ని (1 + మొక్క విలువ/1000)తో భాగించాలి. మీ కాలానికి గాలి మైనస్ 6.4 దగ్గర. మంచు కోర్ల (లోతుగా తొలిచి తీసిన మంచు స్తంభాల) నుంచి తీసిన వక్రరేఖలో మీ తేదీకి సరిపోయే అంకె తీసుకోండి. బొగ్గు మైనస్ 25 అయితే 18.6ను 0.975తో భాగిస్తే 19.1 వస్తుంది. బొగ్గు మైనస్ 24 అయితే 18.0. బొగ్గు, పెట్రోలు పొగ వల్ల ఇప్పటి గాలి మైనస్ 8.5 దాకా దిగింది. అంటే ఇవాళ మైనస్ 27 చూపే చెట్టూ, ఆనాడు మైనస్ 25 చూపిన చెట్టూ ఇంచుమించు ఒకే నీటి స్థితిలో ఉన్నట్టు. ఈ సవరణ మరిచి ఇప్పటి చెట్లతో నేరుగా పోలిస్తే, లేని కరువు రెండు యూనిట్ల మేర పుట్టుకొస్తుంది.

ఎంపిక: అన్ని పొరల్లోనూ దొరికే ఒకే రకం. మీకు తుమ్మ సరిపోతుంది. పొరకు కనీసం 5 ముక్కలు, వీలైతే 10, ఒక్కోటీ వేర్వేరు చోటు నుంచి. ఒకే పొయ్యిలోంచి పది తీస్తే పది సార్లు ఒకే చెట్టును కొలిచినట్టవుతుంది. యంత్రం కచ్చితత్వం 0.1 అయినా, ఒకే చోట పక్కపక్కన పెరిగిన చెట్ల మధ్యే 1 నుంచి 2 యూనిట్ల తేడా ఉండటం మామూలు. అందుకే సగటు లేకుండా ఒక్కో ముక్క గురించి మాట్లాడటం నేల విడిచి సాము. ప్రతి ముక్కలో అయిదారు వలయాలైనా ఉండాలి, లేదంటే ఒక ఎండాకాలాన్ని శతాబ్దం అనుకుంటాం. మొక్క తొలి ఏళ్ల వలయాలు మరింత మైనస్‌గా ఉంటాయి కాబట్టి మధ్యభాగం ఉన్న సన్న పుల్లల్ని వదిలేయండి. ఏటి ఒడ్డు చెట్లను కూడా ఇందుకు వాడొద్దు. వాటి వేళ్లు భూగర్భ జలంలో ఉంటాయి, వాన తగ్గినా వాటికి పట్టదు.

పెద్ద చిక్కు కాల్చిన వేడి. సెల్యులోజ్ ముందు పోతుంది, లిగ్నిన్ మిగులుతుంది. లిగ్నిన్ సెల్యులోజ్ కంటే 3 యూనిట్ల దాకా ఎక్కువ మైనస్. కాబట్టి బాగా కాలిన బొగ్గు, అదే చెట్టు కలప కంటే 1 నుంచి 2 యూనిట్లు కిందికి దిగుతుంది. దీన్ని పట్టుకోవడానికి అదే కొలతలో వచ్చే కార్బన్ శాతం చాలు. పచ్చి కలపలో 50 శాతం దగ్గర ఉండే కార్బన్ గట్టిగా కాలిన బొగ్గులో 80 దాటుతుంది. అన్ని ముక్కల కార్బన్ శాతాన్నీ డెల్టా విలువనూ ఒక గ్రాఫ్‌లో పెట్టండి. రెండూ కలిసి నడుస్తుంటే మీరు చూస్తున్నది మంట చరిత్ర, వాన చరిత్ర కాదు. అప్పుడు సొంతంగా వేర్వేరు వేడిలో కాల్చిన నమూనాలతో సవరణ గీత తయారు చేసుకోవాలి.

దారునాళం చెప్పిన గొడ్డలి సంగతి ఇక్కడా వస్తుంది. దట్టమైన అడవిలో కింద నీడలో పెరిగే చెట్ల విలువ బాగా మైనస్. అడవి కొట్టేస్తే మిగిలిన చెట్లకు ఎండ తగిలి విలువ సున్నా వైపు జరుగుతుంది, అచ్చం కరువులాగే. తుమ్మ ఎప్పుడూ బయలులో పెరిగే చెట్టు కాబట్టి ఈ బెడద దానికి తక్కువ. మీరు తేమ చెట్టును కాకుండా తుమ్మను ఎంచుకోవడానికి ఇది ఇంకో కారణం.

మేటమట్టి:
సరస్సు గురించి. కోర్ (గొట్టం దించి తీసే అడుగు మట్టి స్తంభం) తీయండి, కానీ అది తవ్వకానికి సాక్షి సంతకం పెడుతుందని ఆశించకండి. తవ్వకం బొగ్గు మనుషులు ఏం కాల్చారో చెబుతుంది. సరస్సు బొగ్గు చుట్టూ ఏం తగలబడిందో చెబుతుంది.

సరస్సు చిన్నదై, లోతుగా, పెద్ద ఏరు కలవకుండా ఉండాలి. ఏరు కలిస్తే వరద ఎప్పటి బొగ్గునో మోసుకొస్తుంది. కోర్‌ను మధ్యలో ఎక్కడా వదలకుండా 1 సెం.మీ. చొప్పున కోసి, ఒక్కోదాన్నుంచి 1 ఘన సెం.మీ. మట్టి తీసుకోండి. 5 శాతం సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ ద్రావణంలో ఒక రోజు నానబెడితే బంకమట్టి విడుతుంది. తర్వాత పలచని బ్లీచ్‌లో కొన్ని గంటలు ఉంచితే కుళ్లిన ఆకు తెల్లబడుతుంది, బొగ్గు నల్లగానే ఉంటుంది. 125 మైక్రాన్ల జల్లెడలో మెల్లగా కడగాలి. ధార గట్టిగా కొడితే ఒక ముక్క పదవుతుంది, పది మంటలు లెక్కలోకొస్తాయి. గడి గీసిన పళ్లెంలో 20 నుంచి 40 రెట్లలో లెక్కపెట్టండి. అనుమానం వస్తే సూదితో నొక్కండి: బొగ్గు పెళుసుగా, కోసు ముక్కలుగా విరుగుతుంది, మొక్క పదార్థం వంగుతుంది, ఖనిజం విరగదు. పురుగుల పెంకులు మాత్రం మోసం చేస్తాయి, వాటి నునుపు చూసి పట్టుకోవాలి.

ఘన సెం.మీ.కి ఎన్ని అన్నది సగం లెక్కే. దాన్ని మేట వేసే వేగంతో గుణించాలి. 20 ముక్కలు, ఏడాదికి 0.05 సెం.మీ. మేట అయితే, చదరపు సెం.మీ.కి ఏడాదికి 1. ఇక్కడే చాలా కోర్లు దెబ్బతింటాయి. రెండు తేదీల మధ్య వేగం ఒక్కసారిగా మారితే బొగ్గు రాక కూడా అదే చోట ఎగురుతుంది, మంట లేకపోయినా. వయసు నమూనాను (ఏ లోతు ఎన్నేళ్లది అన్న లెక్కను) ఆర్‌బేకన్ లాంటి ప్రోగ్రాంతో కట్టండి. తేదీలకు నేల మీది ఆకో గింజో వాడండి. మొత్తం మట్టిని పంపితే సున్నపురాయి నీళ్ల పాత కార్బన్ కలిసి వయసు ఎక్కువ చూపుతుంది. కోర్ పై భాగంలోని చివరి 100 నుంచి 150 ఏళ్లకు సీసం-210 అనే రేడియోధార్మిక సీసంతో తేదీ తీయండి.

విడివిడి మంటల్ని పట్టాలనుకుంటే శాంపిల్‌కూ శాంపిల్‌కూ మధ్య కాలం, సగటున మంటకూ మంటకూ మధ్య ఉండే కాలంలో అయిదో వంతు కంటే తక్కువ ఉండాలి. పాతికేళ్లకోసారి తగలబడే గడ్డినేలలో మీ కోర్ సెంటీమీటరుకు 20 ఏళ్లు పట్టుకుంటే, విడి మంటల గురించి మర్చిపోయి, శతాబ్దాల స్థాయి ఎగుడుదిగుళ్లే రాయండి. సరిపడా సూక్ష్మంగా ఉంటే చార్‌అనాలిసిస్ ప్రోగ్రాంలో 500 నుంచి 1000 ఏళ్ల కిటికీతో నేపథ్యం (నెమ్మదిగా మారే సగటు) తీసేసి శిఖరాలు చూడొచ్చు. సంకేతానికీ రొదకూ నిష్పత్తి 3 దాటని భాగాల్లో శిఖరాలు నమ్మొద్దు.

అసలు మెలిక ఇది: బొగ్గు పెరిగిందంటే ఎండా, వానా? తడి అడవిలో కట్టెకు కొదవ లేదు, అది ఎండితేనే అంటుకుంటుంది. కాబట్టి అక్కడ ఎక్కువ బొగ్గు అంటే కరువు. పొడి గడ్డినేలలో ఎప్పుడూ ఎండే, లేనిది మంటకు మేత. వాన బాగా పడి గడ్డి పెరిగిన ఏళ్ల తర్వాతే మంటలు ఎక్కువ. అక్కడ ఎక్కువ బొగ్గు అంటే మంచి వానలు. మీ చోట మధ్యలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారి ఉంటే, ఒకే గ్రాఫ్‌లో సగం ఒక అర్థం, సగం ఇంకో అర్థం. అందుకే అదే కోర్‌లో పుప్పొడి లెక్క తప్పనిసరి. బొగ్గు ముక్కల పొడవు-వెడల్పు నిష్పత్తి కూడా కొలవండి. 3 దాటి సన్నగా పొడుగ్గా ఉన్నవి ఎక్కువైతే గడ్డి కాలిందనుకోవచ్చు.

ఏడోపొర:
అందరికీ ధన్యవాదాలు. చెల్లాచెదురు బొగ్గును విడదీసి మళ్లీ లెక్కపెడతాం. తేదీల గురించి ఒక సందేహం: అయిదో పొర తేదీ నాలుగో పొర కంటే 250 ఏళ్లు పాతగా వచ్చింది, నిజానికి అయిదోది దాని పైన ఉంది. రెండూ పెద్ద ముక్కలే, శుభ్రంగా ఉన్నాయని ఎంచాం. తేదీల రిపోర్టులో డెల్టా 13సి కూడా ఇచ్చారు, దాన్నే వాతావరణానికి వాడుకోవచ్చా?

అర్ధాయువు:
పెద్ద ముక్క అంటే చాలాసార్లు చేవ. చెట్టు లోపలి వలయం కట్టిన నాడే గాలితో కార్బన్ మార్పిడి ఆగిపోతుంది. 300 ఏళ్ల మానును నిన్న కొట్టి కాల్చినా నడిమి ముక్క 300 ఏళ్ల పాత తేదీయే ఇస్తుంది. మీ 250 ఏళ్ల తిరకాసుకు ఇది చాలు, పొరలు తారుమారయ్యాయని అప్పుడే అనక్కర్లేదు. గింజలుంటే గింజలు పంపండి. లేకపోతే బెరడు అంటుకున్న సన్న పుల్ల. ఒక తేదీకి ఒకే ముక్క, పది చిన్నవి కలిపి పంపడం వద్దు. పంపే ముందు రకం గుర్తించి ఫొటో తీయండి, ప్రయోగశాల తిరిగివ్వదు. 10 నుంచి 20 మిల్లీగ్రాములు ఉంటే ఏఎంఎస్‌కు (రేడియోకార్బన్ పరమాణువుల్ని నేరుగా లెక్కపెట్టే యంత్రానికి) సరిపోతుంది. ముక్కను రేకులో లేదా గాజు సీసాలో ఉంచండి. దూది, కాగితం నారా, జిగురూ అన్నీ కార్బనే.

ఇప్పటికే ఉన్న తేదీల్ని పారేయనక్కర్లేదు. తేదీలు సవరించే ఆక్స్‌కాల్ ప్రోగ్రాంలో పొరల వరుస ఇచ్చి, బొగ్గు కోసం ఉన్న అవుట్‌లయర్ (వరుసకు పొసగని తేదీల) నమూనా పెట్టండి. ఇవి నిజం కంటే పాతవే కావచ్చు తప్ప కొత్తవి కాలేవు అన్న ఊహతో అది లెక్కగడుతుంది. రేడియోకార్బన్ వయసును క్యాలెండర్ ఏళ్లకు మార్చే వక్రరేఖ ఉత్తరార్ధగోళమైతే ఇంట్‌కాల్20, దక్షిణమైతే ఎస్‌హెచ్‌కాల్20.

రిపోర్టులోని డెల్టా 13సి సంగతి అడిగి తెలుసుకోండి. ఏఎంఎస్ యంత్రంలోనే కొలిచినదైతే అది తేదీ సవరణకు మాత్రమే. గ్రాఫైటు తయారీలో, యంత్రంలో వచ్చిన తేడాలు కూడా అందులో కలిసి ఉంటాయి. వాతావరణానికి ఐఆర్‌ఎంఎస్‌లో (కార్బన్-13, కార్బన్-12 నిష్పత్తి కొలిచే యంత్రంలో) విడిగా కొలిపించాలి. తుమ్మ పుల్ల తగినంత పెద్దదైతే నిలువునా చీల్చి ఒక సగం తేదీకి, ఒక సగం ఐసోటోప్‌కు పంపితే రెండు అంకెలూ ఒకే చెట్టువని తెలుస్తుంది.

ఏడోపొర:
ఐఆర్‌ఎంఎస్ కోసం మేమే శుద్ధి చేస్తున్నాం. వేడి సోడియం హైడ్రాక్సైడ్‌లో వేయగానే అడుగు పొర ముక్కలు గోధుమ రంగు నీళ్లై సగం పోతున్నాయి.

కార్బన్‌పదమూడు:
అవి తక్కువ వేడిలో కాలినవి, లేదా మట్టిలో ఆక్సీకరణ చెంది హ్యూమిక్ పదార్థంగా (క్షారంలో కరిగే గోధుమ రంగు పదార్థంగా) మారుతున్నవి. ముందు 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కార్బొనేట్ తీయండి, బుడగలు ఆగే దాకా. తర్వాత క్షారం 0.1 మోలార్‌కు తగ్గించి, గది వేడిలోనే అరగంట. నీళ్లు రంగు మారడం ఆగే దాకా మార్చండి. చివర్లో మళ్లీ ఆమ్లం తప్పనిసరి, క్షారం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. తటస్థం అయ్యే దాకా కడిగి 60 డిగ్రీలలో ఆరబెట్టి, నూరి, తగరపు గుళికలో అర మిల్లీగ్రాము లోపే తూచండి.

అప్పటికీ కరిగిపోతుంటే క్షారం మానేసి ఆమ్లంతోనే సరిపెట్టండి, కానీ ఏడు పొరలకూ అలాగే చేయండి. అడుగు పొరలకు ఒక పద్ధతి, పై వాటికి ఇంకో పద్ధతి పెడితే మధ్యలో కనిపించే మెట్టు మీ సీసాల్లో పుట్టిందే అవుతుంది. పై పొర నుంచి మూడు ముక్కలు తీసుకుని, ఒక్కోదాన్ని సగం చేసి రెండు పద్ధతుల్లోనూ కొలవండి. తేడా 0.2 లోపు ఉంటే కనీసం ఆ పొరలో హ్యూమిక్ కలుషితం గురించి బెంగ అక్కర్లేదు.